ఆవిరి గొట్టం మీద చెయ్యి

దామోదర్ రావును చంపాలని నేనెప్పుడూ అనుకోలేదు. చంపితే ఒక్కసారే పోతాడు. అంత తక్కువలో వదిలేసే మనసు నాకు లేదు.

ఆయన ఎర్రగుట్ట థర్మల్ ప్లాంటులో బాయిలర్ విభాగానికి పెద్ద. మా అన్న ఓదెలు అదే ప్లాంటులో లాగింగ్ మేస్త్రి. లాగింగ్ అంటే ఆవిరి గొట్టాలకు దుప్పటి కప్పే పని. రాతి ఊలు చుట్టి, వైరుతో బిగించి, పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. లోపల ఆవిరి ఐదువందల డిగ్రీలు దాటి పరిగెడుతుంటే, పైన రేకు మీద చెయ్యి పెట్టినవాడికి ఎండలో మరిచిపోయిన స్టీలు గ్లాసు పట్టుకున్నట్టు ఉంటుంది, అంతే. ఆ రెండు వేడిముల మధ్య తేడా అంతా మా అన్న పనితనం. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఆ పనితనానికి ఐడీ కార్డు ఉండేది కాదు.

ఆ ప్లాంటులో ఒక ఆచారం ఉంది. ఓవర్‌హాలింగ్ అయ్యాక బాయిలర్ మళ్ళీ వెలిగించే రోజు, ప్రధాన ఆవిరి గొట్టం టర్బైన్ వైపు తిరిగే వంపు దగ్గర పూజ చేస్తారు. కొబ్బరికాయ కొట్టి, రేకుకు పసుపూ కుంకుమా పెట్టి, ఉన్నవాళ్ళలో పెద్దవాడు వంపు మీద అరచెయ్యి ఆనించి నిలబడతాడు. ఆవిరి పూర్తి ఒత్తిడికి వచ్చిందని కంట్రోల్ రూం నుంచి కబురొచ్చేదాకా ఆ చెయ్యి తియ్యకూడదు. చెయ్యి ఉన్నంతసేపూ ఇంకో మనిషి ఆ ప్లాట్‌ఫాం ఎక్కడు. ముందు గొట్టం పెద్దమనిషిని చూసుకోవాలట, ఆ తర్వాతే మిగతావాళ్ళను. దామోదర్ రావు ఈ ఆచారాన్ని ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ను మెచ్చుకుంటాను. ఇంకో విషయం వెతికాను, దొరకలేదు.

అన్న చేతులు కాలిపోయిన ఏడాది, ఎండలు ముదరకముందు, బయటి కంపెనీ వాళ్ళెవరో వచ్చి ఆ గొట్టానికి ట్రయలుగా ఒక పరికరం తొడిగారు. గొట్టం చుట్టూ ఇనుమూ కోబాల్టూ కలిసిన పలచని పట్టీ, దాని మీద తీగ చుట్ట. తీగలోకి కరెంటు కొట్టగానే అయస్కాంత బలానికి పట్టీ పిసరంత మెలిపడుతుంది. ఆ మెలిక అలలాగా గొట్టం వెంట పరిగెత్తి, అతుకు తగిలినా పగులు తగిలినా కొంత వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని మళ్ళీ ఆ పట్టీయే వింటుంది. ఉన్నచోట ఉండి, దుప్పటి విప్పించకుండా, బాయిలర్ ఆపించకుండా, ఆ చివరిదాకా గొట్టం ఎలా ఉందో చెప్పేస్తుంది. అన్న వాళ్ళ గ్యాంగు దానికి కడియం అని పేరు పెట్టింది. మా టెక్స్టుబుక్కులో ఉన్న పేరు కంటే అదే నయం.

కడియానికి ఒక బుద్ధి ఉంది. మొదటి రోజు విన్నదాన్ని అది ఆరోగ్యం అనుకుంటుంది. ఆ తర్వాత విన్న ప్రతిదాంట్లోంచి మొదటి రోజుది తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే తెర మీద చూపిస్తుంది. దాన్నే బేస్‌లైన్ అంటాం. అంటే మొదటి రోజును మార్చేస్తే చాలు, ఇవాళ్టి రోగం కూడా ఆరోగ్యం కిందే లెక్క. మార్చడానికి తెర మీద చక్కగా ఒక బటన్ కూడా పెట్టారు.

ఏప్రిల్‌లో కడియం వంపు దగ్గర ఒక చిన్న పన్నులాంటి గీత చూపించింది, అంటే అక్కడ పగులు మొదలైంది. ఊళ్ళకు ఊళ్ళు ఫ్యాన్లు తిప్పుకుంటున్న రోజులు. యూనిట్ ఆపితే పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. దామోదర్ రావు కొత్త బేస్‌లైన్ తియ్యమన్నాడు. పన్ను మాయమైంది. ఆ వారంలోనే వంపు మీద రేకు మార్చమని అన్నను ఎక్కించారు. అన్న పైన ఉండగానే వంపు పేలింది.

బటన్ సంగతి కంట్రోల్ రూంలో పనిచేసే ఒకాయన మా ఇంటికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. విచారణలో మాత్రం తనకేమీ తెలియదన్నాడు. విచారణ తేల్చింది ఇంకోటి: మేస్త్రి గడ్డపారతో రేకు పెకలిస్తూ గొట్టాన్ని దెబ్బకొట్టాడు, తప్పు అతనిదే. లాగింగ్ వాళ్ళు గొట్టానికి ఇనుము తగలనివ్వరు. చెక్క సుత్తి తప్ప ఇంకోటి పట్టరు. మేస్త్రి గడ్డపార పట్టాడంటే, మంత్రసాని బిడ్డను కింద పడేసిందన్నట్టే. అన్నకు చేతులు కాలినదానికంటే ఆ మాటకే ఎక్కువ కాలింది.

దామోదర్ రావు ఆసుపత్రికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. ఒలుచుకోవడానికి వేళ్ళు మిగలని మనిషికి బత్తాయిలు.

*

నేనప్పుడు బీటెక్‌లో ఉన్నాను. ఆ తర్వాత ఎంటెక్, ఆ తర్వాత పరిశోధన, అన్నీ గొట్టాలు వినడం మీదే. ఈ రంగం ఎందుకు ఎంచుకున్నావమ్మా అని ఇంటర్వ్యూలో అడిగితే పారిశ్రామిక భద్రత కోసం అన్నాను. తలలూపారు. పగ అని చెప్పినా సీటు ఇచ్చేవాళ్ళేమో, ఆ సబ్జెక్టు ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు.

హైదరాబాదులో మా ల్యాబ్ మూల ఒక గొట్టం ఉండేది. చుట్టూ హీటర్లు, మధ్యలో నా కడియం. నెలల తరబడి ఎర్రగా కాగుతూ ఉండేది. వేసవిలో ఏసీ ఉన్న గదులు మిగతావాళ్ళు తీసుకునేవాళ్ళు, నాకు కొలిమి. ఒకసారి ఆ గొట్టంలో ఒక అతుకును కోసేసి, ఆ ముక్క స్థానంలో అతుకులేని ముక్క పెట్టించాను. మళ్ళీ వేడిచేసి విన్నాను. తీసేసిన అతుకు ఇంకా పలుకుతోంది. సన్నగా, దూరం నుంచి, కానీ సరిగ్గా అది ఉన్నచోటి నుంచే.

మా ప్రొఫెసర్ శేషాచలం గారు చూసి, అది నాయిస్ అనీ, ఫిల్టర్ పెట్టి తీసేసి పేపర్ రాసుకోమనీ సలహా ఇచ్చారు. ఆయన మంచివాడే. జీవితమంతా నాయిస్ తీసేస్తూ బతికాడు. నేను మాత్రం హీటర్ ఆపకుండా దాని వెంటపడ్డాను.

జరుగుతున్నది ఇది. ఒకే మనిషి ఏళ్ళ తరబడి పడుకుంటే నులక మంచానికి ఆ మనిషి ఆకారం పడుతుంది కదా. అంత వేడిలో పట్టీ కూడా అలాంటిదే. దాని లోపలి అయస్కాంతపు రేణువులు, ఏ అదురు మళ్ళీ మళ్ళీ వస్తే దానికి తగ్గట్టు సర్దుకుని అలాగే ఉండిపోతున్నాయి. తర్వాత కొత్త అదురు వస్తే దాని మీద ఇంకో పొర. అతి బలహీనమైన కరెంటుతో, ఓపిగ్గా అడిగితే, పట్టీ ఇవాళ్టి మాటే కాకుండా నిన్నటిదీ, పోయిన నెలదీ వరసగా అప్పజెబుతుంది. పాతగోడకు సున్నం గీకుతూ పోతే ఒక ఎన్నికల రాత, దాని కింద ఇంకో ఎన్నికల రాత బయటపడ్డట్టు.

చిక్కల్లా ఒక్కటే. గీకిన సున్నం మళ్ళీ గోడకు అంటుకోదు. ఏ పొరనైనా ఒక్కసారే వినగలం. విన్నాక పట్టీ మీద అది ఉండదు, నా కంప్యూటర్‌లో తప్ప.

ఆ సాయంత్రం ల్యాబ్ బయట టీ తాగుతూ ఎర్రగుట్ట గురించి ఆలోచించాను. పేలిన వంపును కోసి కొత్తది వేశారు. కానీ కడియం వంపుకు చాలా ఇవతల, సాఫుగా ఉన్న గొట్టం మీద ఉంది. మా ప్లాంటులో ఒకసారి పెట్టినదాన్ని తీసే పని ఎవరిదీ కాదు. పైన రేకు కప్పేసి ఉంటారు. ఇన్నేళ్ళుగా అది అక్కడే కాగుతూ, అన్నీ వింటూ ఉంటుంది.

టీ చల్లారిపోయింది. నాకు మాత్రం చాలా ఏళ్ళకు ఆకలేసింది.

*

ఇంటికెళ్ళి అన్నకు చెప్పాను. ఆయన రెండు మణికట్ల మధ్య టీ గ్లాసు ఇరికించుకుని తాగుతున్నాడు. పొరల సంగతి విని, మంచం నులక పోలిక తనకు నచ్చిందన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"నేను గడ్డపార పట్టలేదని గా కడియానికి ఎరుకుంటదా?"

ఇనుముతో దెబ్బ పడితే అంతకంటే పెద్ద మోత ఇంకోటి ఉండదనీ, పొరల్లో అది లేకపోతే పడనట్టేననీ చెప్పాను.

"గది తెలిస్తె సాలు. ఇగ ఆయన్నేం జెయ్యకు."

"నీకు చాలు అన్నా. నాకు చాలదు."

వదిన సుజాత లోపలి నుంచి అన్నం కంచం తెచ్చి అన్న ముందు కూర్చుంది. రోజూ లాగే ముద్ద కలిపి నోటికి అందించింది. మా మాటలన్నీ విన్నదని ఆ ముద్ద సైజు చూస్తేనే తెలుస్తోంది. చివరికి ఆమె నా వైపు చూడకుండానే అంది.

"ఆయన్ని జైలుకు గియిలుకు పంపకు రవళీ. ఓ వారం మా ఇంటికి పంపు. మూడు పూటలు ఈయనకు తినిపియ్యమను."

అన్న నవ్వాడు. నవ్వితే మెడ మీద చర్మం ఒకవైపే కదులుతుంది. దామోదర్ రావుకు ముద్ద కలపడం రాదనీ, తనను పస్తు పెడతాడనీ అన్నాడు. వదిన నవ్వలేదు. నాకు ఆ ఇంట్లో నా మనిషి ఎవరో అప్పుడు తెలిసింది.

*

ఎర్రగుట్టకు కొత్త కడియాలు పెట్టే పని మా సంస్థకు వచ్చేలా చూసుకున్నాను. అప్పటికి దామోదర్ రావు ప్లాంటు మొత్తానికే పెద్ద. నా ఇంటిపేరు చూసి గుర్తుపట్టాడు. కుర్చీ చూపించి, అన్న ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడని చెప్పాను.

ఓవర్‌హాలింగ్‌కు బాయిలర్ ఆపాక, అన్న తర్వాత మేస్త్రి అయిన కనకయ్య బావ చెక్క సుత్తితో తట్టి రేకు విప్పాడు. బావంటే వరసకే, చుట్టరికం ఏమీ లేదు. ఊలు కింద పాత కడియం నల్లగా మాడిపోయి ఉంది. దానికి నా తీగలు కలిపి, రెండు రోజులు దాని పక్కన కూర్చుని, పొర తర్వాత పొర విన్నాను. పై పొరల్లో వంపు దగ్గర ఏమీ లేదు. కిందికి వెళ్ళాక పేలుడు వచ్చింది, తెర మొత్తం తెల్లబడింది. దాని కింద ఆ ఏప్రిల్ నెల. వంపు దగ్గర పన్ను. దాని కింది పొరలో ఇంకొంచెం చిన్న పన్ను. ఇంకా కింద చుక్క. గడ్డపార దెబ్బ ఎక్కడా లేదు. కనకయ్య బావకు చూపిస్తే, తలపాగా తీసి మొహం తుడుచుకుని కిందికి దిగిపోయాడు.

మీటింగులో అందరి ముందూ పెట్టాను. దామోదర్ రావు పూర్తిగా విన్నాడు, మధ్యలో అడ్డుపడలేదు. అయ్యాక మళ్ళీ ఒకసారి పట్టీలోంచి విని చూపించమన్నాడు. కుదరదని చెప్పాను. ఒకసారి విన్నాక పొర పోతుందని వివరించాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే ఎంత అధ్వాన్నంగా ఉందో నాకే వినిపించింది.

"శివసత్తులకు పూనకమొస్తదని చిన్నప్పటి సంది చూసిన. ఇనుప పట్టీకి గూడ వస్తదా అమ్మా?" అన్నాడాయన.

గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. లేచి వెళ్తూ, అన్న మీద ప్రేమ ఉండాల్సిందే కానీ దాన్ని మెషీన్లో కలపకూడదని నాకు మాత్రమే వినపడేట్టు చెప్పాడు. తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో. సలహా ఇచ్చాడు.

ఆ నవ్వుల మధ్యే నాకు దారి దొరికింది. కడియం మాట నమ్మను అన్నవాడు, తన చెయ్యి గొట్టం మీద ఉన్నప్పుడు కూడా నమ్మడా?

*

బాయిలర్ వెలిగించే రోజు ఉదయం వంపు దగ్గర పూజ జరిగింది. కొత్త కడియం తొడిగి, తీగలు కలిపి, నియమం ప్రకారం మొదటి రీడింగు తీశాను. కంప్యూటర్ దాన్ని దాచుకుంది. నేను వేరే పనిలో ఉన్నాను. నా వేళ్ళు పాత ఫైలు కోసం వెతుకుతున్నాయి.

దామోదర్ రావు రేకు మీద అరచెయ్యి ఆనించాడు. అందరం ప్లాట్‌ఫాం కింద నిలబడ్డాం. కనకయ్య బావ గ్యాంగు, ఇంజినీర్లు, ఫొటోలు తీసే ఒకతను. ఆవిరి ఎక్కుతోంది. గొట్టం వేడికి సాగుతూ అప్పుడప్పుడూ టిక్కుమంటోంది. ఆయన కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటున్నాడు. బొట్టు చెమటకు ముక్కు మీదికి కారింది. ఒత్తిడి సగం దాటాక నేను నిచ్చెన మూడు మెట్లెక్కి, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి పట్టుకున్నాను. తెర మీద ఆ ఏప్రిల్ నాటి పొర. వరసగా అతుకుల గీతలు, మధ్యలో వంపు దగ్గర పన్ను.

"వంపు దగ్గర సార్. మీ చెయ్యి ఉన్నచోటనే."

ఇందులో అబద్ధం లేదు. తేదీ లేదు, అంతే.

ఆయన కళ్ళు తెరిచి చూశాడు. ముప్పై ఏళ్ళు బాయిలర్లతో బతికిన మనిషికి ఆ పన్ను ఏమిటో చదివి చెప్పక్కర్లేదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉంది, ఇది ఎప్పటిది అని. అది అడగలేదు. నేను అందరికీ వినపడేట్టు ఇంకోటి అడిగాను.

"కొత్త బేస్‌లైన్ తియ్యమంటారా సార్?"

"నెత్తి పనిచేస్తలేదా నీకు? పగులుంటే బేస్‌లైన్ ఏంది? మంటలు ఆపమను. అందరు దిగుండ్రి, జరుగుండ్రి." అది ఆయన చేతిలో వాకీటాకీ నొక్కిపట్టి అన్నమాట. కంట్రోల్ రూం మొత్తం విన్నది. అక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది.

ఆయన చెయ్యి తీశాడు. ఆ ప్లాంటులో పెద్దమనిషి కబురు రాకముందే చెయ్యి తియ్యడం అదే మొదటిసారి. నిచ్చెన దిగుతూ నన్ను పక్కకు నెట్టాడు, కనకయ్య బావను నెట్టాడు, చివరి మెట్టు మీద జారి మోకాళ్ళ మీద పడ్డాడు. పైకప్పు కింద ఆవిరి వదిలే మోతకు చెవులు మూసుకుపోయాయి. మోత తగ్గేదాకా ఆగాను. ఆ మాట ఆయనకు సరిగ్గా వినపడాలి కదా.

"ఇది ఇవాళ్టిది కాదు సార్. మా అన్నను ఎక్కించిన వారం నాటిది. అప్పుడు గూడ మీరు ఇదే చూసిండ్రు."

ఆయన నేల మీది నుంచి లేవలేదు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది. నా వైపు కాకుండా చుట్టూ ఉన్న గ్యాంగు వైపు చూశాడు. వాళ్ళెవరూ చెయ్యి అందించలేదు. నేను ఆ క్షణం కోసం ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నాను. చెప్పకూడదు కానీ, చాలా రుచిగా ఉంది.

*

ఆ తర్వాత అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. కంట్రోల్ రూం ఆయన ఈసారి ధైర్యం చేసి బటన్ సంగతి చెప్పాడు. విచారణలో గడ్డపార మాట కొట్టేశారు. దామోదర్ రావును ఉద్యోగం వదులుకోమన్నారు. కనకయ్య బావ గ్యాంగు మొత్తం ఇంటికొచ్చి అన్నను మేస్త్రీ అని పిలిచి, మిఠాయి పెట్టి వెళ్ళింది. వదిన ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టింది నాకు.

నేను కోరుకోనిది కూడా ఒకటి జరిగింది. పాతదాన్ని ఇవాళ్టిదిగా చూపించగల పరికరం, కావాలనుకున్నది చూపించే పరికరం అని కంపెనీ తేల్చింది. దానికి సాక్ష్యం నేనే, నూటికి నూరుపాళ్ళూ. అన్ని యూనిట్లలోనూ కడియాలు విప్పేశారు. వేరే ప్లాంట్లకూ ఆ కబురు పాకింది. శేషాచలం గారు నన్ను తిట్టలేదు, ల్యాబ్‌లో హీటర్ ఆపేశారు.

హీటర్ చల్లారాక ఫైళ్ళు సర్దుతున్నాను. ఎర్రగుట్ట మొదటి రీడింగు కనిపించింది. ఆ పూజ రోజుది, నేను తీసి చూడనిది. తెరిచాను. అతుకుల గీతలు సమానమైన ఎడంలో వరసగా ఉన్నాయి. వంపు శుభ్రంగా ఉంది. వంపు దాటాక, బారెడు దూరంలో, అతుకు ఉండకూడని చోట ఒక పన్ను.

ల్యాబ్ కుర్చీలో కూర్చుని దాన్ని ఆ ఏప్రిల్ పొర పక్కన పెట్టి చూశాను. పాత పన్ను కంటే కొంచెం పెద్దది. నేను ఆయనకు పాతది చూపిస్తున్నంతసేపూ ఇది అదే ల్యాప్‌టాప్‌లో ఉంది. కొత్త కడియం దాన్ని ఆరోగ్యం అనుకుని దాచుకుంది.

ప్లాంటుకు ఫోన్ చేశాను. కొత్త పెద్దసారు మర్యాదగా విని, ఇది ఏ సంవత్సరానిదమ్మా అని అడిగాడు. పక్కన ఎవరో నవ్వారు. వంపును కోసినంత పనిచేసి పరీక్షించామనీ, ఏమీ దొరకలేదనీ, మళ్ళీ బాయిలర్ వెలిగిస్తున్నామనీ చెప్పి పెట్టేశాడు. వంపును చూశారు. వంపు అవతల ఎవరూ చూడలేదు, అక్కడ చూడమని నేను చెప్పలేదు కాబట్టి. పై అధికారులకు చేశాను. నా పేరు చెప్పగానే అవతల గొంతు మారిపోయేది. శేషాచలం గారు చేశారు, ఆయన్నూ నమ్మలేదు. కనకయ్య బావ నమ్మాడు. కానీ ఆవిరి ఎక్కాక రేకులు బిగించడానికి గ్యాంగు పైకెళ్ళాల్సిందేననీ, వెళ్ళనంటే రేపటి నుంచి వేరే గ్యాంగు వస్తుందనీ అన్నాడు. ఆ వేరే గ్యాంగుకు ఇవేవీ తెలియవు.

కంట్రోల్ రూం మాట వినే మనిషి ఒక్కడే మిగిలాడు. అక్కడున్న వాళ్ళందరికీ పని నేర్పింది ఆయనే. వెలిగించే రోజు తెల్లారే ఎర్రగుట్ట కాలనీలో ఆయన క్వార్టరు ముందు నిలబడ్డాను.

దామోదర్ రావు లుంగీ మీద ఉన్నాడు. వరండా నిండా సామాను మూటలు, ఖాళీ చేస్తున్నారు. కూర్చోమనలేదు. ల్యాప్‌టాప్ తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఈసారి ముందు ఆ ప్రశ్నే అడిగాడు.

"ఎప్పటిది?"

"మీరు చెయ్యి పెట్టిన రోజుది సార్."

"అంటే నువ్వు నాకు పాతది చూపిస్తున్నప్పుడు, ఇది నీ చేతుల్నే ఉన్నది."

"ఉన్నది."

"చూడలే."

"చూడలేదు సార్."

ఆయన చాలాసేపు తెర మీద పన్ను వెనకా ముందూ అతుకులు లెక్కపెట్టుకున్నాడు. పగులేనని ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. లోపల ఆయన భార్య పెట్టెకు టేపు అంటిస్తున్న చప్పుడు. బాయిలర్ ఆపమని కంట్రోల్ రూంకు ఒక్క ఫోన్ చేస్తే చాలు సార్, ఆ పిల్లలు మీ మాట వింటారు అన్నాను. నా జీవితంలో నేనెవర్నీ అలా బతిమాలలేదు. ఆయనకు అది కూడా తెలిసినట్టుంది, తొందరపడలేదు.

"నన్ను పదిమంది ముంగట బోర్ల పడేసినవ్. నేను చేసింది నేను చేసిన, అనుభవిస్తున్న. ఇప్పుడు నువ్వు పో. పోయి గొట్టం మీద చెయ్యి పెట్టు. నేను నిలబడ్డట్టు నిలబడు. నిలబడ్డవని కనకయ్య నాకు చెప్పాలె. అప్పుడు చేస్త."

చేస్తానని ప్రమాణం చెయ్యమని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బేస్‌లైన్ తియ్యాల్నా వద్దా అని నువ్వు నన్ను అడిగినప్పుడు, ఆ పన్ను పాతదని నీకు తెల్వదా? నాకు తెల్వదు గద. గట్లనే ఉండు."

ఆయనంత బాగా నాకెవరూ పాఠం చెప్పలేదు.

*

ఇవాళ వంపు దగ్గర ఎవరూ లేరు. ఆ రోజు తర్వాత ఇక్కడికి రావడానికి పెద్దవాళ్ళెవరూ ఇష్టపడలేదు, పూజ కంట్రోల్ రూంలోనే కానిచ్చారు. కడియాలు విప్పే కాంట్రాక్టు మీద నాకిచ్చిన గేటు పాసు ఇంకా చెల్లుతోంది. ప్లాట్‌ఫాం ఎక్కి, వంపు దాటి, బారెడు అవతల రేకు మీద అరచెయ్యి ఆనించాను.

కింద కనకయ్య బావ గ్యాంగు రేకులూ చెక్క సుత్తులూ పట్టుకుని ఆగిపోయింది. గొట్టం మీద చెయ్యి ఉంది కదా, ఎక్కరు. సూపర్‌వైజరు అరుస్తున్నాడు. బావ అతనికి ఆచారం గురించి చాలా వివరంగా, చాలా నెమ్మదిగా చెబుతున్నాడు. చెబుతూనే జేబులోంచి ఫోన్ తీసి, నా వైపు ఒకసారి చూసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. చెప్పేసినట్టు నాకు తలూపాడు.

అన్న ఇల్లు ఇక్కడికి కనపడదు. ఈ పాటికి వదిన ముద్ద కలుపుతూ ఉంటుంది. నేనెక్కడున్నానో వాళ్ళకు చెప్పలేదు. చెబితే అన్న వచ్చి నా పక్కన నిలబడతాడు.

రేకు ఇప్పటికి స్టీలు గ్లాసంత వెచ్చగానే ఉంది. ఎవరు కప్పారో కానీ మంచి లాగింగ్. లోపల ఆవిరి ఎక్కుతున్న అదురు అరచేతికి తెలుస్తోంది. వేడికి గొట్టం సాగుతూ టిక్కుమంటోంది, ఆగి మళ్ళీ టిక్కుమంటోంది. ఎక్కడి నుంచో చెప్పడానికి కడియం లేదు.

బావ చూపంతా కంట్రోల్ రూం కిటికీ మీదే ఉంది. దామోదర్ రావు చేతిలో ఇప్పుడు ఫోన్ ఉండాలి. చేస్తాడా చెయ్యడా అని నేను ఆయన వైపు నుంచి ఆలోచించి చూశాను.

నేనైతే చెయ్యను.